ప్రాత యాటకు క్రొత్త యంత్రము

ఇంటిలోని ప్రాత వస్తువును క్రొత్తది చేసికొను విద్య మన స్త్రీలకు ఒకరు నేర్పవలసిన పని లేదు. కళాయి పోయిన గిన్నెకు కళాయి పూయించుట, అంచు చివికిన పట్టుచీరకు వేఱొక యంచు వేయించుట, అమ్మమ్మనాటి నగను చెఱిపించి నేటి తీరున చేయించుట మనకు నిత్యవ్యవహారములు. ఐనను ఈ మూడును ఒక్కటి కావు. కళాయి పూసిన గిన్నె ఆ గిన్నెయే. అంచు మార్చిన చీరయు చాలవఱకు ఆ చీరయే. చెఱిపి చేయించిన నగలో మాత్రము బంగారమే ప్రాతది, పనితనమంతయు క్రొత్తది. అమ్మమ్మ మెడలో మనము చూచిన నగ మరల కంటికి కనబడదు.

ఈ భేదమే నేడు వీడియో ఆటల లోకమున పెద్ద చర్చకు హేతువైనది. టీవీకి తగిలించి యాడు ఆట యంత్రమును కన్సోలు అందురు. ఆఱేడేండ్ల కొకమాఱు క్రొత్త కన్సోలు అంగడికి వచ్చును. అది వచ్చినతోడనే ప్రాత యంత్రమునకై కొన్న ఆటల గతి యేమి యను ప్రశ్న పుట్టును. “అమ్మా, ఈ యాటనే మెఱుగుపఱచి క్రొత్త యంత్రమునకు విడిచినారు, కొందమా?” అని పిల్లవాడడుగును. “ఉన్న యాటను మరల కొనుట యెందుకురా?” అని తల్లి యనును. ఆ తల్లి ప్రశ్న అజ్ఞానముచేత పుట్టినది కాదు. ఆ వ్యాపారము చేయువారే దానికి తడవకొక సమాధానము చెప్పుచున్నారు. కావున ఒక ప్రసిద్ధమైన యాటను ఆధారముగ గొని ఈ విషయమును మేము విచారింపదలచితిమి.

మూడు జన్మలెత్తిన యాట

2005వ సంవత్సరము అక్టోబరు మాసమున ప్లేస్టేషన్ 2 అను కన్సోలునకు “షాడో ఆఫ్ ది కలాసస్” అను ఆట వెలువడినది. మహాకాయుని నీడ యని దాని పేరునకు అర్థము. జపానుదేశమున సోనీ సంస్థకు చెందిన ఒక బృందము దీనిని నిర్మించినది. దర్శకుడు ఫుమితో ఉయేదా. 2001లో “ఇకో” అను ఆటచేత ఆయన అంతకుముందే పేరు గాంచియుండెను.

కథ మిక్కిలి చిన్నది. మోనో అను కన్య దుర్విధి గలదని యెంచబడి బలియీయబడినది. వాండర్ అను యువకుడు ఆమె శవమును గుఱ్ఱముపై నుంచుకొని, మానవులు ప్రవేశింపరాని యొక ప్రదేశమునకు తీసికొని వచ్చును. అచ్చటి ఆలయమున ఆమెను పరుండబెట్టి బ్రతికింపుమని ప్రార్థించును. డోర్మిన్ అను అశరీరవాణి యతనితో పలుకును. ఆలయమునందు పదునాఱు విగ్రహములు గలవు. వానికి ప్రతిరూపములైన పదునాఱు మహాకాయములు ఆ దేశమున తిరుగుచున్నవి. వానిని చంపినచో ఈ విగ్రహములు పగులును. అప్పుడు కన్య లేచునేమో. కాని నీవు చెల్లింపవలసిన వెల మిక్కిలి గొప్పది కావచ్చునని ఆ వాణి హెచ్చరించును. యువకుడు ఎంత వెలయైనను సరే యనును. యమునితో వాదించి పతిని మరల తెచ్చుకొన్న సావిత్రి కథ యెఱిగిన మనకు ఆ మాటలోని తెగువ తెలియనిది కాదు. భేద మొక్కటి. సావిత్రి బుద్ధిచేత గెలిచినది. ఇతడు చంపి గెలువజూచుచున్నాడు.

ఈ యాటలో ఊళ్లు లేవు, అంగళ్లు లేవు, దారిలో ఎదిరించు చిల్లర శత్రువులు లేరు. విశాలమైన బయళ్లు, శిథిలములు, ఏగ్రో అను గుఱ్ఱము, దారి చూపు కత్తివెలుగు మాత్రమే యుండును. మొదట నలువదియెనిమిది మహాకాయములను తలపెట్టి, పిదప ఇరువదినాలుగునకును, తుదకు పదునాఱునకును తగ్గించిరి. అక్కఱలేని దానినెల్ల తీసివేసి, మిగిలినదానిని బలపఱచుట ఉయేదా పద్ధతి.

ఆడువాడు ఒక్కొక్క మహాకాయము పైకి దాని రోమములను పట్టుకొని ప్రాకి, మర్మస్థానమున కత్తి గ్రుచ్చవలెను. అది కూలునపుడు జయధ్వని వినబడదు. విషాదమైన సంగీతము వినబడును. ఆ సంగీతమును కూర్చినవాడు కౌ ఓతాని. పదమూడవ మహాకాయము ఎడారిపై నెగురుచు, తన్ను కొట్టినవానిపైనైనను తిరుగబడదు. ఒక్కొక్క వధకు వాండర్ ముఖము పాలిపోవుచుండును. ప్రియురాలి ప్రాణమునకై నిరపరాధుల ప్రాణములు తీయవచ్చునా యను ప్రశ్న ఎచ్చటను మాటలలో చెప్పబడదు. ఆడువాని చేతికే అది యప్పగింపబడును. ఇందుచేతనే ఈ యాట యింతకాలము నిలిచినది. 2007లో వెలువడిన “రీన్ ఓవర్ మీ” అను అమెరికా చలనచిత్రమున, 2001 సెప్టెంబరు 11 నాటి దాడులలో భార్యను, కుమార్తెలను పోగొట్టుకొన్న యొకడు ఈ యాటనే విడువక ఆడుచుండును.

ఇంతటి యాట రెండుమాఱులు క్రొత్త యంత్రములకు మార్పబడినది. 2011లో ప్లేస్టేషన్ 3నకును, 2018 ఫిబ్రవరిలో ప్లేస్టేషన్ 4నకును. రెండు పనులును చేసినది అమెరికాలో టెక్సస్ రాష్ట్రపు ఆస్టిన్ నగరమునకు చెందిన బ్లూపాయింట్ అను సంస్థయే.

యంత్రముల భాష

డిస్కు గుండ్రముగనే యున్నది గదా, క్రొత్త యంత్రమున పెట్టినచో ఏల ఆడదని పలువు రడుగుదురు. ఆట యనగా యంత్రమునకు ఇచ్చిన యాజ్ఞల సముదాయము. ఆ యాజ్ఞలు ఆ యంత్రపు భాషలోనే యుండును. 2000లో వచ్చిన ప్లేస్టేషన్ 2నకు ఒక భాష. 2006లో వచ్చిన ప్లేస్టేషన్ 3నకు వేఱొకటి. 2013లో వచ్చిన ప్లేస్టేషన్ 4నకు మఱియొకటి. ప్లేస్టేషన్ 3లో మొదటి తరపు యంత్రములు ప్లేస్టేషన్ 2 డిస్కులను ఆడించెడివి. తరువాత ఆ సౌకర్యము తీసివేయబడినది. ప్లేస్టేషన్ 4లో ఆ ప్రాత డిస్కులు పనిచేయవు. పదిహేనుకోట్లకు పైగా అమ్ముడుపోయిన యంత్రపు ఆటలు, ఆ యంత్రము చెడినతోడనే అటకెక్కవలసినవైనవి. 2020 నవంబరులో విదేశములందును, 2021 ఫిబ్రవరిలో మన దేశమునందును వచ్చిన ప్లేస్టేషన్ 5 మాత్రము ప్లేస్టేషన్ 4 కుటుంబమునకే చెందిన భాషను మాటలాడును. కావున ప్లేస్టేషన్ 4 ఆటలు దాదాపు అన్నియు దానియందు యథాతథముగ ఆడును.

రెండవ చిక్కు బలమునకు సంబంధించినది. ప్లేస్టేషన్ 2 యొక్క ముఖ్య జ్ఞాపకశక్తి 32 మెగాబైట్లు మాత్రమే. నేటి ఫోనులో తీసిన పది ఫొటోలకైనను అది చాలదు. ఆ కొంచెములో కొండవంటి ప్రాణిని, దాని యొడలిపై వెండ్రుకలను, ఎడతెగని భూమిని ఇముడ్చుటకు నిర్మాతలు ఎన్నో యుపాయములు పన్నిరి. వెండ్రుకలను ఒక్కొక్కటిగ గాక పొరలు పొరలుగ చిత్రించిరి. గుఱ్ఱము ముందునకు పోవుకొలది ముందరి నేలను డిస్కునుండి తెచ్చుకొనుచు, వెనుకటి నేలను విడిచివేయునట్లు చేసిరి. ఇరుకు వంటయింటిలో నూఱుమందికి వండు ఇల్లాలి నేర్పువంటి దది.

ఐనను యంత్రము అలసిపోయెడిది. తెరపై కదలిక యనగా వెంటవెంట చూపబడు నిశ్చల చిత్రములే. సెకనుకు 30 చిత్రములు చూపవలెనన్న, ఒక్కొక్క చిత్రమును సెకనులో ముప్పదవ వంతు కాలములో గీయవలెను. 60 చూపవలెనన్న ఆ కాలము సగమగును. బంతిలో ముప్పది విస్తళ్లు వడ్డించు సమయమున అఱువది వడ్డింపుమన్నట్లు. ప్లేస్టేషన్ 2పై పెద్ద మహాకాయములు కదలునపుడు ఆ లెక్క ముప్పదికి చాల దిగువకు పడిపోయెడిది, చూపు తొట్రుపడెడిది.

క్రొత్త యంత్రమునకు బలమెక్కువ గదా, లెక్క పెంచినచో చాలదా యనవచ్చును. చాలదు. పెక్కు ప్రాత యాటలలో “ఒక్కొక్క చిత్రమునకు ఇంతదూరము నడువుము” అని యాజ్ఞ వ్రాయబడియుండును. చిత్రముల సంఖ్య రెట్టింపైనచో మనిషి రెట్టింపు వేగమున పరుగెత్తును, ఎగిరిన దూరము మారును, గోడ యెక్కుట తప్పిపోవును. గడియారపు ముల్లును త్వరగా త్రిప్పినంత మాత్రమున అన్నము త్వరగా ఉడుకదు. కావున అట్టి లెక్కలనెల్ల వెదకి సరిచేయవలెను. కన్నులకు కనబడని యీ పనియే నిజమైన శ్రమ.

అంచు మార్చిన చీర, చెఱిపి చేసిన నగ

2011 నాటి పని అంచు మార్చుట వంటిది. బొమ్మలు మునుపటివే, వానిని క్రొత్త టీవీలకు తగినట్లు స్పష్టముగ చూపిరి. తొట్రుపాటు తగ్గి, సెకనుకు 30 చిత్రముల చొప్పున ఆట నిలకడగా సాగినది. “ఇకో”ను కూడ చేర్చి రెండాటలను ఒక్క డిస్కుగ అమ్మిరి. ఇట్టిదానిని ఆంగ్లమున రీమాస్టరు అందురు.

2018 నాటి పని నగను చెఱిపి చేయించుట వంటిది. ఇది రీమేకు. ఆట నడక, మహాకాయముల స్వభావము, గుఱ్ఱపు మొండితనము మొదలగువానికి ఆధారమైన ప్రాత యాజ్ఞలను పునాదిగ నుంచుకొనిరి. కంటికి కనబడునదంతయు, అనగా రాళ్లు, గడ్డి, నీరు, వెలుగు, రోమములు, ముఖములు, సమస్తమును క్రొత్తగ చేసిరి. ప్లేస్టేషన్ 4 ప్రో అను బలమైన యంత్రముపై రెండు విధములుగ ఆడవచ్చును: చిత్రస్పష్టత యెక్కువ కావలెనన్న సెకనుకు 30 చిత్రములు, కదలిక మృదువుగ నుండవలెనన్న 60. మీటల అమరికను నేటి అలవాటునకు తగినట్లు మార్చి, ప్రాత యమరికయే కావలెనన్నవారికి దానినిగూడ ఉంచిరి. దేశమున అచ్చటచ్చట 79 చిన్న నాణెములను దాచి, అన్నియు వెదకినవారికి ఒక క్రొత్త కత్తి లభించునట్లు చేసిరి. మూలములో ఈ నాణెములు లేవు.

మెచ్చుకొనినవారు అనేకులు. ఆక్షేపించినవారును కలరు. మొదటి యాటలో వెలుగు కండ్లు మిఱుమిట్లు గొల్పునట్లు తెల్లబారియుండెడిది. నేల ఎండి బోసిగ నుండెడిది. అది మరణించినవారి లోకమువలె తోచెడిది. క్రొత్తదానిలో పచ్చిక పెరిగినది, పాచి పట్టినది, కన్నులకు విందైనది. కాని ఆ బోసితనమే గదా కథకు ప్రాణమని కొందరు వగచిరి. వాండర్ ముఖము మారినదని మఱికొందరు నొచ్చుకొనిరి. ఆ ప్రాత తొట్రుపాటే మహాకాయమునకు బరువు నిచ్చినదని వాదించినవారును లేకపోలేదు.

మాకు తోచునది చెప్పెదము. తొట్రుపాటు నిర్మాతలు కోరి పెట్టినది కాదు, యంత్రపు దౌర్బల్యము. దానిని తొలగించుట గిన్నెకు కళాయి పూయుటయే. అందులో తప్పు లేదు. బోసినేల యట్టిది కాదు. అది కొంత పేదతనముచేత, కొంత ఉద్దేశముచేత కలిగినది. వలసినదానిని తీసివేయక, తీసివేయవలసినదానిని ఉంచక ఉన్న నిర్మాత చేతిలో, పేదతనము కూడ అలంకారమైనది. అట్టిచోట గడ్డి మొలిపించువాడు తాను సరిదిద్దుచున్నాడా, మార్చుచున్నాడా యని పదిమాఱులు ఆలోచింపవలెను.

ఈ ధర్మసంకటము మన వాఙ్మయమునకు క్రొత్తది కాదు. గత శతాబ్దమునకు ముందటి శతాబ్దమున సి. పి. బ్రౌను దొరగారు తెలుగు తాళపత్ర గ్రంథములను సేకరించి, పండితులచేత ప్రతులను పోల్చి చూపించి, శుద్ధప్రతులు వ్రాయించిరి. ఆ పనియే లేకున్న ఎన్నియో గ్రంథములు చెదలపాలయ్యెడివి. ఐనను వ్రాయసకాడు ప్రతి తప్పును దిద్దినపుడెల్ల, దిద్దినది తప్పా, కవి హృదయమా యను సందేహము మిగులుచునే యున్నది. ఇందుకు విరుగుడొక్కటే: శుద్ధప్రతి వచ్చినను ప్రాత తాటాకును పాఱవేయకుండుట.

ఆటల విషయమున ఆ తాటాకు భద్రముగ లేదు. వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషను అను అమెరికా సంస్థ 2023లో ప్రకటించిన పరిశీలన ప్రకారము, 2010కి పూర్వము ఆ దేశమున వెలువడిన ఆటలలో నూటికి 87 వంతులు అంగడిలో కొనుటకు లభింపవు. ప్రాత యంత్రము, ప్రాత డిస్కు గలవారిని వెదకికొని పోవలసినదే. ఆ లెక్క చూచినపుడు, మార్పులు చేసిరను కోపము కొంత చల్లాఱి, ఒక యాటనైనను బ్రతికించిరను కృతజ్ఞత కలుగును.

గృహిణి అడుగవలసిన ప్రశ్నలు

ఇక ఖర్చు మాట. ఇచ్చట అందఱు వర్తకులును అన్నివేళల ఒక తీరున నడువలేదు.

2020 జూలైలో ప్లేస్టేషన్ 4నకు వచ్చిన “ఘోస్ట్ ఆఫ్ సుషిమా” అను జపాను వీరగాథను, 2021 ఆగస్టున ప్లేస్టేషన్ 5నకు మెఱుగుపఱచి విడిచిరి. ఈకి యను ద్వీపమును కథలో చేర్చిరి. జపాను భాషలో మాటలాడునపుడు పెదవులు మాటకు సరిపడునట్లు చేసిరి. ప్రాత యాట గలవారు క్రొత్త యంత్రమునకు మారుటకు అమెరికాలో 30 డాలర్లు చెల్లింపవలసివచ్చినది. తరువాతి మాసముననే “హొరైజన్ ఫర్బిడన్ వెస్ట్” అను ఆట విషయమున, మారుటకు ఉచిత సౌకర్యము లేకుండ జేయబోయి, ఆడువారు కోపింపగా సోనీవారు వెనుకకు తగ్గి ఉచితముగ ఇచ్చుటకు ఒప్పుకొనిరి. ఇకమీద తమ యాటలకు 10 డాలర్లు పుచ్చుకొందుమనిరి. ఆ కథకు నాయిక ఎలోయి యను వెలివేయబడిన బాలిక. ఆమె మొదటి కథయైన 2017 నాటి యాటను 2024 అక్టోబరులో మెఱుగుపఱచినపుడు ప్రాతవారు 10 డాలర్లే ఇచ్చిరి. సంభాషణల నటనను పదిగంటలకు పైగా క్రొత్తగ చిత్రించిరి గావున ఆ సొమ్మునకు పని కనబడుచున్నది. “ది లాస్ట్ ఆఫ్ అస్” అను ఆటయో 2013లో ఒకమాఱు, 2014లో రెండవమాఱు, 2022లో రీమేకుగ మూడవమాఱు వెలువడినది. మూడవదాని వెల 70 డాలర్లు, ప్రాత చుట్టములకు తగ్గింపు లేదు.

కావున సొమ్ము చేతికిచ్చుటకు ముందు ఈ ప్రశ్నలడుగుట మేలు.

మొదటిది: మనయొద్దనున్న యాట క్రొత్త యంత్రమున ఉన్నదున్నట్లు ఆడునా? ప్లేస్టేషన్ 4 ఆటయైనచో ప్లేస్టేషన్ 5లో సాధారణముగ ఆడును. 2018 నాటి “షాడో ఆఫ్ ది కలాసస్” అట్టిదే. అప్పుడు తొందర లేదు.

రెండవది: మనయొద్దనున్నది డిస్కా, దిగుమతి చేసికొన్నదా? డిస్కు పెట్టు అర లేని ప్లేస్టేషన్ 5 యంత్రము కొంత చవుకగ వచ్చును. అది చూచి కొన్నచో ఇంటిలోని డిస్కులు ఆ యంత్రమున నేరుగ ఆడవు. డిస్కు చూపి పొందు తగ్గింపును నేరుగ దొరకదు. చవుక బేరము ఖరీదగుట యిట్లే.

మూడవది: పిల్లవాడు ఇంతకాలమాడి దాచుకొన్న పురోగతి క్రొత్తదానిలోనికి వచ్చునా? “ఘోస్ట్ ఆఫ్ సుషిమా”లో వచ్చును. కాని 2005 నాటి డిస్కునకు, 2018 నాటి రీమేకునకు అట్టి సంబంధము లేదు. కథ మొదటినుండి ఆరంభింపవలెను.

నాలుగవది: మార్పు కళాయియా, అంచా, నగయా? కళాయికి నగవెల అడుగుచున్నచో వలదని చెప్పుటకు సంకోచింపరాదు.

ఐదవది, అన్నిటికంటె ముఖ్యమైనది: ఆట ఏ వయసువారికి? మెఱుగుపఱచిన కొలది హింస మఱింత నిజమువలె కనబడును. “షాడో ఆఫ్ ది కలాసస్”ను అమెరికాలో పదమూడేండ్లు దాటినవారికిని, ఐరోపాలో పండ్రెండేండ్లు దాటినవారికిని తగినదని నిర్ణయించిరి. “ది లాస్ట్ ఆఫ్ అస్” పెద్దలకు మాత్రమే. డబ్బామీద ఆ సంఖ్య ముద్రింపబడియే యుండును. చదువ నేర్చిన తల్లి దానిని చూడకుండుట న్యాయము కాదు.

ఈ ప్రశ్నలన్నిటికి తృప్తికరమైన సమాధానములు దొరికి, ఆట ఇంటికి వచ్చినచో, ఒకనాటి సాయంకాలమైనను పిల్లలప్రక్క కూర్చుండి చూడుడని మా మనవి. ఈ యాటలో పాత్రలు మాటలాడునది ఏ దేశపు భాషయు కాదు, కల్పించిన భాష. అర్థము తెరక్రింద వ్రాతలో వచ్చును. కావున అందఱును అందులో సమానముగ పరాయివారే. పదమూడవ మహాకాయము ఎడారిపై నెగురుచున్నపుడు, “ఇది మనల నేమియు చేయలేదు గదా, దీనిని ఏల చంపవలెను?” అని పిల్లవాని నడుగుడు. వాడేమి బదులు చెప్పునో వినుడు. ఆ ప్రశ్న 2005లో ఎట్లుండెనో 2018లోను అట్లే యున్నది. రాయి మారినది, గడ్డి మారినది, ముఖము మారినది. ప్రశ్న మాత్రము చెక్కు చెదరలేదు. ఒక యాటను క్రొత్త యంత్రమునకు మార్చినవారు తమ పని సరిగ చేసిరా లేదా యని తూచుటకు మాకింతకంటె మంచి త్రాసు కనబడుట లేదు.